పాలు పిండే వేళ

రౌడీలు నందు కుడిచేతిని బండ మీద పెట్టి, పాల క్యాను అంచుతో నాలుగు వేళ్లు విరగ్గొట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పురానాపూల్ పక్కన, పదకొండు కుటుంబాల బర్రెలుండే కొట్టం ముందు, పట్టపగలు. కొట్టాన్ని కొట్టడానికి వచ్చినవాళ్లు ముందు మనిషిని కొట్టారు. ఆ నేల మీద ఫంక్షన్ హాలు కట్టాలని కాంట్రాక్టర్ బాబురావు పంతం. పిలిస్తే రాని ఆ రావు, పిలవని చోటికి మాత్రం పదిమంది రౌడీలను పంపుతాడు.

నందు ఒక్కడే ఎదురు నిలిచాడు. చొక్కా గుండీలు విప్పి ఛాతీ చూపించాడు. అలా చెయ్యమని నేర్పింది నేనే, నా కథలో. పోయిన ఆదివారం బస్తీలో అందరికీ చదివి వినిపించాను. అందులో వీరుడు ఒంటరిగా నిలబడతాడు, రౌడీలు కర్రలు పారేసి పరుగెడతారు.

ఈ రౌడీలు నా కథ చదవలేదు.

"అరే హీరో, ఛాతీ దిఖారా?" అన్నాడొకడు క్యాను ఎత్తుతూ. పని ముగించాక కొట్టం వైపు తిరిగి, "రేపు మూడు గంటలకు కూలగొట్టే మిషన్ వస్తది. ఖాళీ చెయ్యుండ్రి" అన్నాడు.

కథకుణ్ణి నేను తవుడు బస్తాల వెనక ఉన్నాను.

సాయంత్రం కొట్టంలోనే మీటింగ్. నందు తల్లి రుక్మాబాయి, మూసీ ఒడ్డున పుట్టి కూడా నోరు మూసుకోవడం నేర్వని మనిషి, కొడుకు చేతికి కట్టు కట్టించుకొచ్చి నేరుగా నా ముందు కూర్చుంది.

"తమ్మీ, నీ కథల ఆ మొగోడు ఒక్కడే ఎందుకు నిలవడ్డడు? బస్తోళ్లంత ఏడ వోయిండ్రు?"

"సాహిత్యంలో ధైర్యమంటే అట్లనే ఉంటది అక్కా."

"ఆయనకు భయం కాలేదా?"

"కథల భయం పెట్టలే."

"గందుకే నా కొడుకు గిట్లయిండు. భయముంటే పక్కోన్ని పిలుస్తుండె."

ఇరవై ఏళ్లుగా వీరుల్ని తయారుచేస్తున్నవాణ్ణి నేను. కూర్చుని రాసేవాడికి ఇంకొకణ్ణి నిలబెట్టడం తేలిక.

బస్ డిపోలో మెకానిక్ డానియేలు లేచాడు. "రాడ్లు నేను తెస్త."

"మనం రాడ్డు పడితె కేసు మన మీదనే," అన్నాడు కొట్టానికి పెద్ద ఎల్లయ్య. "ఈ నేల కేసు కోర్టుల ఉంది. తీర్పు వచ్చేదాంక కొట్టం ఉండాలె. గంతే."

"బాపూ, మూడు గంటలకు రోజూ ఏం చేస్తం?" అడిగింది రుక్మాబాయి.

"పాలు పిండుతం."

"రేపు గూడ గదే చేద్దాం. బర్రె చేపి పాలిడిసినంక పిండేటోడు నడుమల లేస్తడా? మిషన్ వచ్చినా లేవద్దు."

ఎల్లయ్య అందరి వైపూ తిరిగాడు. "యాద్ పెట్టుకోండ్రి మరి. బర్రెకు మన చెయ్యే ధైర్యం. ఒక్కడు లేచి ఉరికితే ఒక బర్రె బెదురుతది. ఒకటి బెదిరితే నలభై తొక్కుతయ్. అందరం పోతం."

మర్నాడు మూడింటికి నలభై బర్రెల కింద నలభై మంది. రుక్మాబాయి నన్ను పక్కన కూర్చోబెట్టి మోకాళ్ల మధ్య బకెట్ ఇరికించింది.

"నాకు పిండ రాదక్కా."

"కూసునుడు వస్తదిగా."

మిషన్ ముందు గోడను గుద్దింది. రేకులు విరిగి మీద పడ్డాయి. రాడ్లతో రౌడీలు లోపలికొచ్చి వీపుల మీద బాదడం మొదలుపెట్టారు. వీపు మీద రాడ్డు చప్పుడు, బకెట్లో పాలధార చప్పుడు. మళ్లీ రాడ్డు, మళ్లీ ధార. డానియేలు చెవి చీలి నెత్తురు మెడ మీదికి కారుతోంది. చేతులు ఆపలేదు.

ఎల్లయ్య తల వెనక దెబ్బ పడింది. నుదురు బర్రె డొక్కకు ఆని, చేతులు జారిపోయాయి. ఆ బర్రె గొలుసు గుంజింది. వరుస పొడుగునా చెవులు నిక్కాయి. నా కాళ్లు వాటంతటవే లేస్తున్నాయి.

"తమ్మీ," రుక్మాబాయి తల తిప్పకుండానే అంది, "భయమైతుందా?"

"మస్తు."

"నాగ్గూడ. కూసో."

కూర్చున్నాను. నందు పాక్కుంటూ వచ్చి, ముసలాయన్ని నా ఒడిలోకి జరిపి, ఆ బర్రె కింద కూర్చున్నాడు. ఎడమచేత్తో పొదుగు నిమిరాడు. "హో తల్లీ, హో." బర్రె నిలిచింది. ధార మళ్లీ మొదలైంది.

మిషన్ డ్రైవర్ తాళంచెవి తీసి కిందికి దిగాడు. "మనుషులున్నరు. నేను నడప" అన్నాడు. రౌడీలు అతన్నీ కొట్టారు.

పోలీసులు వచ్చి రాడ్లున్నవాళ్లను వదిలి బకెట్లున్నవాళ్లను పట్టుకున్నారు.

"లీడర్ ఎవరు?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"ఇంకో బర్రె ఉంది సారూ," అంది రుక్మాబాయి. "పిండినంక చెప్త."

ఎల్లయ్య ఆసుపత్రి చేరేలోపే, పోలీసు జీపులో నా ఒడిలోనే పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మమ్మల్ని స్టేషన్ నుంచి వదిలేసరికి కొట్టంలో అడుగుపెట్టే సందు లేదు. ఎల్లయ్య కబురు విని బహదూర్‌పురా నుంచి వచ్చారు, బార్కస్ నుంచి వచ్చారు, కాలేజీ పిల్లలు వచ్చారు. చేతిలో బకెట్లు. పాలు పిండటం వచ్చినవాళ్లు పదిమంది కూడా లేరు.

మూడు కావస్తోంది. సందు మలుపులో ఈసారి రెండు మిషన్ల చప్పుడు. తవుడు బస్తాలు ఎక్కడున్నాయో నా కళ్లు ఒకసారి వెతికాయి. రుక్మాబాయి కాస్త జరిగి నాకు చోటిచ్చింది.