అయిదో భాగంలో త్రీడీ లేదట

నేను ఒక కళ్ళజోడుని. అలాగని చదువుకున్నవాళ్ళ ముక్కుమీద దర్జాగా కూర్చునే రకం అనుకునేరు. సినిమా హాల్లో త్రీడీ బొమ్మకి టికెట్టుతో పాటు చేతిలో పెట్టి, బొమ్మ అయిపోగానే గుమ్మం దగ్గర గుంజుకుంటారే, ఆ నల్ల ప్లాస్టిక్ జాతి. నాతో ఎవరి చూపూ మెరుగుపడదు. నన్ను పెట్టుకుని వీధిలోకి వెళ్తే కుక్కలు మొరుగుతాయి.

పుట్టుక గురించి అడక్కండి. ఏదో ఫ్యాక్టరీ అచ్చులోంచి ఊడిపడ్డాను, అట్టపెట్టెలో ఊపిరాడక దొర్లుకుంటూ కాకినాడ వచ్చి పడ్డాను, అంతే గుర్తు. వచ్చినప్పటినుంచీ కుదురన్నది లేదు. ఆట ఆటకీ ఒక కొత్త ముఖం. చెమట, కొబ్బరినూనె, పౌడరు, మొక్కజొన్న పేలాల ఉప్పు, అన్నీ నాకే. ఆటకీ ఆటకీ మధ్య గేటు దగ్గర ఉండే అప్పలస్వామి నన్ను సబ్బునీళ్ళ బకెట్లో ముంచి, తువ్వాలుతో రెండు తుడుపులు తుడిచి, బుట్టలో పారేస్తాడు. తడి ఆరకముందే ఇంకో ముక్కు తయారు.

దీనికితోడు ఇంటిపోరొకటి. నా రెండు అద్దాలకీ ఏనాడూ పడదు. తెరమీద ఒకేసారి రెండు బొమ్మలు వేస్తారు. కుడి అద్దం ఒకటి చూస్తుంది, ఎడమ అద్దం మరొకటి. ఎవరిది వారిదే నిజం. వెనకాల ఒక మనిషి కూర్చుని, రెండు కళ్ళతోనూ ఆ రెండింటినీ కలిపితేనే ఓడ తెరలోంచి బయటికొచ్చి మన ఒళ్ళో వాలుతుంది. అంటే సినిమా చూసేది నేను కాదు. ఆ మనిషి చూపులో నాకు కాస్త వాటా దొరుకుతుంది, అంతే.

ఇలా ఉండగా సముద్రపు దొంగల సినిమా అయిదో భాగం మా హాలుకి వచ్చింది. ఆ కెప్టెన్ మీకు తెలిసే ఉంటాడు. ఎడమకంటికి నల్లగుడ్డ కట్టుకుని, తుఫానులో ఓడ నడుపుతూ నవ్వుతుంటాడు. మొదటి భాగం వచ్చినప్పుడు ఊరు ఊరంతా ఊగిపోయిందట. రెండోది ఇంకా బాగుందన్నారు. మూడోదాంట్లో ఎవడు ఎవడికి ద్రోహం చేశాడో ఎవరికీ అర్థం కాలేదు. నాలుగోదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కొందరికి తలనొప్పి వస్తుంది. అయినా అయిదోదానికి జనం రాకుండా ఉన్నారా? బాగాలేదని తిట్టడానికైనా చూడాలి కదా.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు. గుమ్మం దగ్గర బుట్టలో పడుకుని నేను విన్నన్ని అభిప్రాయాలు ఇంకెవరూ విని ఉండరు. కొత్త సీసాలో పాత సారా అన్నాడొకాయన. గుడ్డికన్నా మెల్ల నయం, నాలుగోదానికంటే ఇదే మేలు అన్నాడు ఆయన బావమరిది. కెప్టెన్ ముసలాడైపోయాడని ఒకావిడ, ముసలితనమే అందమని ఆమె చెల్లెలు, కారెక్కేదాకా వాదించుకున్నారు. స్థానిక ఛానల్ అమ్మాయి ఒకతె మైకు పట్టుకుని మెట్లమీద రోజూ కాపలా. స్క్రీన్‌ప్లే నత్తనడక అని ఆ మైకులో గంభీరంగా చెప్పిన పెద్దమనిషి రెండో సగమంతా నా వెనక కళ్ళు మూసుకుని గురకపెట్టాడు. అంతా గ్రాఫిక్సేనండీ, మనసుకి తగల్లేదు అన్న కుర్రాడు ఓడ మునిగేటప్పుడు నా అద్దాలు తడిపేశాడు. నోటికీ కంటికీ మధ్య ఇంత దూరం ఎందుకుంటుందో నాకు అర్థం కాదు. మైకు నోటి దగ్గర పెడతారు గానీ, కంటి దగ్గర పెట్టరు.

ఆదివారం మ్యాట్నీకి నేను నూకరాజు ముఖం మీదికి ఎక్కాను.

నూకరాజు ఒక స్కూలు బస్సు డ్రైవరు. యాభై దాటిన మనిషి, బట్టతల, ఎప్పుడూ ఇస్త్రీ ఖాకీ చొక్కా. పక్కన భార్య వరహాలు. బొమ్మ మొదలయ్యేలోపు వాళ్ళ మాటల్లోనే సంగతంతా విన్నాను. ఈ సినిమాలంటే ఆయనకి ప్రాణం. నాలుగు భాగాలూ చూసి, బస్సులో పిల్లలకి కథలు కథలుగా చెప్పాడట. సిగ్నలు దగ్గర బస్సు ఆగినప్పుడల్లా ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని కెప్టెన్‌లా నవ్వేవాడట. అందుకని పిల్లలు ఆయన్ని డ్రైవరంకుల్ అనటం మానేసి కెప్టెన్ అనటం మొదలుపెట్టారు. అయిదో భాగం ఎలా ఉందో సోమవారం పొద్దున్న బస్సులో చెప్పాలని వాళ్ళు ఆయన చేత ఒట్టు వేయించుకున్నారు.

ఇంకో మాట వరహాలు మెల్లగా ఎత్తింది. ఆ వారం బస్సు ఎడమవైపు అద్దం మళ్ళీ పగిలింది. అంతకుముందు గేటు స్తంభం గీసుకుంది. అంతకుముందు కొబ్బరిబొండాల బండి. ఇంకొక్క గీత పడితే తాళం ఇచ్చేసి వెళ్ళమని స్కూలువాళ్ళు చెప్పారట. ఆటోవాళ్ళకి బుద్ధి లేదు, మీదమీదకి వచ్చేస్తారు అన్నాడు నూకరాజు. ఆ ఉద్యోగం పోతే ఆయనకి జీతం ఒక్కటే కాదు, కెప్టెన్ అన్న పేరు కూడా పోతుంది. 

దీపాలు ఆరాయి. బొమ్మ మొదలైంది. అప్పుడే నాకు ఏదో తేడాగా అనిపించింది. కుడి అద్దం తన బొమ్మ తాను అందిస్తోంది, వెనక కన్ను అందుకుంటోంది. ఎడమ అద్దం కూడా అందిస్తూనే ఉంది. అందుకునేవాళ్ళే లేరు. కన్ను ఉంది, తెరుచుకునే ఉంది, రెప్ప కూడా వేస్తోంది. తలుపు తీసి ఉన్న ఇంట్లో ఎవరూ పలకనట్టుగా ఉంది. నాకు ఒళ్ళంతా చిరాకు పుట్టింది. నా ఎడమ అద్దం మీద గీత పడిందేమో, తప్పు నాదేనేమో అనుకున్నాను.

కెప్టెన్ శత్రువు ఓడమీదికి లంగరు విసిరాడు. లంగరు గొలుసుతో సహా తెరలోంచి జనం మీదికి వచ్చింది. హాలు హాలంతా తలలు వంచింది. వరహాలు కెవ్వుమని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నూకరాజు ఒక్కడే నిటారుగా కూర్చుని, చుట్టూ జనం ఎందుకు వంగారా అని చూశాడు. నన్ను తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత పెళ్ళాం కళ్ళజోడు తీసుకుని నన్ను ఆమెకిచ్చాడు. ఆమె కళ్ళమీద కూర్చోగానే నా రెండు అద్దాలూ ఒక్కటయ్యాయి. ఒక సముద్రపు కాకి మా ముక్కు మీదికి దూసుకొచ్చింది. ఆమె మళ్ళీ వంగింది. అంటే గీత నామీద పడలేదు. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆమె కళ్ళజోడు చెవులు నొక్కేస్తోందని ఆయన నన్ను తిరిగి లాక్కున్నాడు.

ఇంటర్వెల్లో ఊరుకున్నాడా? నన్ను నుదుటిమీదికి ఎత్తుకుని తిన్నగా అప్పలస్వామి దగ్గరికి వెళ్ళి, డబ్బులు తీసుకుని ఉత్త గాజుపెంకులు ఇస్తున్నారని గొడవకి దిగాడు. అప్పలస్వామి మేనేజరుని పిలిచాడు. మేనేజరు నన్ను పెట్టుకుని, తెరిచిన తలుపులోంచి తెరమీద కనిపిస్తున్న త్రీడీ ప్రకటనలోని నెయ్యి డబ్బాని చెయ్యి చాపి అందుకోబోయి, బాగానే ఉంది కదండీ అన్నాడు. మీకు జీతమిచ్చేదే అలా చెప్పడానికి అన్నాడు నూకరాజు. ఈలోగా గొడవ వాసన పట్టి మైకు అమ్మాయి రానే వచ్చింది.

"ముందు నాలుగు భాగాలూ చూసినోణ్ణి చెప్తున్నానండి," అన్నాడు నూకరాజు మైకులో. "కథ ఫర్వాలేదు. కెప్టెన్ బాగానే చేశాడు. త్రీడీ అన్నది మాత్రం లేదు. ఒక్క వస్తువన్నా తెరలోంచి బయటికొచ్చిందేమో ఎవర్నన్నా చెప్పమనండి. మోసమండి ఇది."

ఇక్కడ మనుషుల గొప్పతనం చెప్పాలి. అప్పటిదాకా వంగి వంగి నడుం నొప్పెట్టినవాళ్ళే, అవునండోయ్, ఈసారి త్రీడీ తక్కువే అన్నారు. సమోసా తింటున్న ఒకాయన అసలు లేనే లేదు అన్నాడు. లంగరు దెబ్బకి సమోసా కిందపడేసుకున్నది ఆయనే.

వరహాలు మాత్రం వంత పాడలేదు. కాఫీ కప్పు ఆయన ఎడమచేతి వైపు చాపి నిలబడింది. ఆయన చూడలేదు. ఏవండీ అని పిలిచాక ఉలిక్కిపడి తల మొత్తం తిప్పి అందుకున్నాడు. ఆమె ముఖం పాలిపోయింది. స్తంభం, బొండాల బండి, అద్దం, అన్నీ ఏ వైపువో ఆమెకి అప్పుడే తట్టినట్టుంది. నాకు నోరుంటే అరిచి చెప్పేవాణ్ణి. ముక్కుమీద కూర్చునే వాడికి నోరెక్కడిది?

రెండో సగం మొదలైంది. కెప్టెన్ ఏదో వేళాకోళం ఆడాడు, నూకరాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వులో ఉండగానే వరహాలు అరచేయి చీకట్లోంచి వచ్చి నా ఎడమ అద్దాన్ని పూర్తిగా కప్పేసింది. తగలకుండా, వేలెడు దూరంలో ఆపింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. చెయ్యి అలాగే ఉంది. ఆయన ఇంకో జోకుకి కూడా నవ్వాడు.  తరవాత అది మెల్లగా జరిగి కుడి అద్దం మీదికి వచ్చింది.

"బొమ్మ పోయిందేంటే," అన్నాడు నూకరాజు. "మాటలు వస్తన్నాయి, బొమ్మ లేదు. ఈ హాలోళ్ళు ఇంక బాగుపడరు."

చుట్టూ ఎవరూ ఈల వేయలేదు. ఎవరూ అరవలేదు. అది ఆయనకి వింతగా తోచి ఉండాలి. నన్ను తీద్దామని చెయ్యి ఎత్తాడు. ఆ చేతికి గాజులు తగిలాయి.

"ఏంటిది?"

"నా చెయ్యండి," అంది వరహాలు.

తెరమీద ఫిరంగులు పేలుతున్నాయి. వాళ్ళిద్దరూ ఆ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నారు. రోజూ ఎడమకన్ను మూసుకుని పిల్లల్ని నవ్వించిన మనిషి, సరదాకైనా ఒక్కరోజు కుడికన్ను మూసుకుని ఉంటే ఈ సంగతి ఎప్పుడో తెలిసేది. కానీ కెప్టెన్ గుడ్డ ఎడమకంటికే కదా.

బొమ్మ సగంలో లేచి వచ్చేశారు. గుమ్మం దగ్గర అప్పలస్వామి కళ్ళజోళ్ళ బుట్ట చాపాడు. వరహాలు తనది అందులో వేసింది గానీ, మొగుడి ముఖం మీద నేనున్న సంగతి ఆమెకి గుర్తులేదు. ఆమె ముఖం చూసి అప్పలస్వామి కూడా అడగలేదు. అలా నేను దొంగసొత్తునై వాళ్ళ ఇంటికి చేరాను.

బస్సు వాళ్ళ సందు చివరే ఉంటుంది. సాయంత్రమంతా ఆ తాళం గురించే నడిచింది. ఆసుపత్రికి తప్పకుండా వెళ్దామన్నాడు. వచ్చే ఆదివారం వెళ్దామన్నాడు. కుడికన్ను నిక్షేపంలా ఉంది కదా అన్నాడు. పిల్లలకి మాటిచ్చాను, రేపొక్కరోజు నడిపి సినిమా కథ చెప్పేసి వస్తానన్నాడు. మెల్లగా నడుపుతానన్నాడు. ఆమె అన్నీ విన్నది. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"బస్సెక్కే పిల్లలందరూ నిలబడేది ఎడమపక్కే కదండీ," అంది.

 నూకరాజు జేబులోంచి తాళం తీసి ఆమె ముందు గట్టుమీద పెట్టాడు. పెట్టి, పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు. ఎంతసేపు కడుక్కున్నాడంటే, ఆమె వెళ్ళి చెంబు చేతిలోంచి తీసుకోవాల్సి వచ్చింది.

నీటికాసులన్నారు డాక్టరుగారు. నొప్పి లేకుండా, చెప్పకుండా, అంచులనుంచి చూపును తినేసే జబ్బట. ఎడమకన్ను పోయింది, ఇంక రాదు. కుడికంటిలో కూడా మొదలైంది గానీ రోజూ చుక్కలు వేస్తే నిలబడుతుంది, ఇంకో ఏడాది ఆగి ఉంటే అదీ దక్కేది కాదన్నారు. ఎలా కనుక్కున్నారని డాక్టరు అడిగితే, సినిమాలో త్రీడీ లేదన్నారండీ, అందుకు తెలిసింది అని వరహాలు చెప్పిందట.

స్కూలువాళ్ళు ఆయన్ని గేటు దగ్గర వేశారు. బస్సులు వచ్చేటప్పుడు తలుపులు తీయటం, పిల్లల్ని రోడ్డు దాటించటం. మొదటిరోజు పిల్లలు చుట్టూ మూగి, సినిమా ఎలా ఉంది కెప్టెన్ అని అడిగారట. సగమే చూశాను అని చెప్పాడట. అందులో అబద్ధమేమీ లేదు.

ఆయన మైకులో మాట్లాడిన వీడియో మాత్రం ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. అంకుల్ కుండబద్దలు కొట్టాడు, త్రీడీ లేనే లేదు అని కింద జనం రాస్తూనే ఉన్నారు. ఆయన మాట పట్టుకుని ఎంతమంది డబ్బులు వాపసు అడిగారో. అందరూ ఆయన అభిప్రాయాన్ని మెచ్చుకున్నారు. ఆయన కళ్ళకేసి చూసినవాళ్ళు లేరు.

నేనిప్పుడు టీవీ పక్క మేకుకి వేలాడుతున్నాను. ఎవరూ పెట్టుకోరు. బుట్టలో నలిగినన్నాళ్ళూ కాస్త విశ్రాంతి దొరికితే చాలనుకునేవాణ్ణి. దొరికాక కాలు నిలవటం లేదు. ఇంకొక్కసారి ఎవరైనా నా వెనక కూర్చుని రెండు కళ్ళతో చూస్తే బాగుండునని గాలికి ఊగుతుంటాను. ఎడమ అద్దానికయితే ఆ ఆదివారం నుంచి నిద్ర లేదు.

మొన్న అయిదో భాగం టీవీలో వేశారు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. వరహాలు కుర్చీ తెచ్చుకుని ఆయన ఎడమపక్కన వేసుకుంది. ఈమధ్య ఎక్కడికెళ్ళినా ఆవిడ చోటు అదే. వాళ్ళు చూడకుండా వచ్చేసిన చివరి ఘట్టం వచ్చింది. తుఫానులో, రెండు రాళ్ళ మధ్య ఇరుకు దారిలోంచి, కెప్టెన్ కంటికి నల్లగుడ్డతో ఓడని దూసుకుపోనిచ్చాడు. ఎటువైపూ గీత పడలేదు. పక్కింటాయన చప్పట్లు కొట్టి, ఎలా ఉంది నూకరాజుగారూ, ఈ సీను కోసమే చూడాలంటారు దీన్ని అన్నాడు.

నూకరాజు తెరకేసే చూస్తున్నాడు.

"తప్పండి," అన్నాడు. "ఎడమపక్క రాయి ఆడికి కనపడదు."

వరహాలు తన చెయ్యి ఆయన చేతిమీద వేసింది.