రా, తల్లీ

ఉదయం ఎనిమిదింటికి రాయప్ప ఖాళీ సీసాలు కడుగుతున్నాడు. సర్కారు ఆసుపత్రిలో ఎర్రమందు కావాలంటే సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. మరిచిపోయి వచ్చినవాళ్ళను కాంపౌండరు తిప్పి పంపేస్తాడు. అది చూడలేక రాయప్ప ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి పాత సీసాలు అడిగి తెచ్చి, వేణ్ణీళ్ళతో కడిగి, ఓపీ గది బయట తన బల్ల కింద మామిడికాయల గంపలో పెట్టుకుంటాడు. ఇది ఉద్యోగంలో లేని పని. ఉన్న పనల్లా వరస నిలబెట్టడం, చీటీలు లోపలికి అందించడం, ఎవరైనా వాంతి చేసుకుంటే తుడవడం. యాభయ్యేడేళ్ళు నిండినా అతన్ని ఇంకా వార్డుబాయ్ అనే అంటారు.

పొట్టి మనిషి. ఖాకీ చొక్కా మెడ దగ్గర దారాలు లేచిపోయాయి. ఫినాయిలు తగిలి తగిలి అరచేతులు పాలిపోయాయి. ఆడమనిషి ఎవరు కనబడినా, పసిపిల్లయినా ముసలమ్మయినా, 'తల్లీ' అనే పిలుస్తాడు. ఇంట్లో గేదెనూ అలాగే పిలుస్తాడని అతని భార్య ఇన్నమ్మ వెక్కిరిస్తుంది.

తొమ్మిదిన్నరకు సిలోను మనిషి మళ్ళీ వచ్చింది. కిందటేడు, ఎనభై మూడులో, అక్కడి గొడవల్లో ఇళ్ళు తగలబడితే పడవలెక్కి వచ్చేసిన అరవవాళ్ళలో పది కుటుంబాలను ఈ వేసవిలోనే ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడితోటలో, రేకుల షెడ్లలో దించారు. తెలుగు ముక్క రాదు. ఈమె భుజాన రెండేళ్ళ పిల్ల. మొన్నా వచ్చింది, నిన్నా వచ్చింది. రెండుసార్లూ గుమ్మం దాకా రావడం, రాయప్ప పిలవగానే వెనక్కి వెళ్ళి గోడవార నిలబడటం, పన్నెండింటికి ఓపీ మూసేశాక వెళ్ళిపోవడం. మొదట భయమేమో అనుకున్నాడు. నిన్న కాస్త కోపం కూడా వచ్చింది. పిలిచి మరీ చూపిస్తానంటే ఇంత బెట్టేమిటి?

ఇవాళ పిల్ల ఏడవడం లేదు. అదే అతన్ని కంగారు పెట్టింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు ఎగరేస్తోంది. ఇలాంటి పిల్లల్ని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు, రేపటిదాకా ఆగే జబ్బు కాదు. డాక్టరమ్మ శకుంతలగారు పన్నెండింటికి చాట్రాయి క్యాంపుకు వెళ్ళిపోతారు. ఈమెను లోపలికి పంపకుండా ఇవాళ బల్ల మీద కూర్చునేది లేదనుకున్నాడు.

"రా, తల్లీ," అన్నాడు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకా మెత్తగా పిలిచాడు. మరో రెండడుగులు వేసింది. ఎదురు వెళ్ళి పిలిస్తే గేటు దాకా పోయింది. కళ్ళ నిండా నీళ్ళు.

వరసలో ఎవరో నవ్వారు. మద్రాసుకు మామిడికాయల లారీ తోలే బసవపున్నారావు. వేలు నలిగి, కట్టు మార్పించుకుందామని వచ్చాడు.

"నువ్వు పిలిచేకొద్దీ పోతుంది బాబాయ్. అరవంలో తళ్ళి అంటే అవతలికి జరుగు అని. మద్రాసు మార్కెట్లో రోజూ నన్నంటారు."

పున్నారావు ఆమెను నాలుగు మాటలు అడిగి వచ్చాడు. దిగిన రేవులోనూ, రేషను వరసలోనూ ఆ మాటతోనే తోసేవారట. ఈ ఖాకీ పెద్దాయన కూడా మూడు రోజులుగా పొమ్మంటున్నాడనుకుందట.

రాయప్పకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఛాతీలో కూడా పట్టేసినట్టయింది. గ్యాసేలే అనుకుని రుద్దుకున్నాడు.

"మరి రమ్మనాలంటే ఏమనాలి?"

"వామ్మా అను."

రాయప్ప ఆసుపత్రంతా వినబడేలా "వామ్మా" అన్నాడు. పాము కనబడిందేమోనని వరసలో సగం మంది చెదిరిపోయారు. ఆమె మాత్రం నడిచి వచ్చింది. చెదిరినవాళ్ళు మళ్ళీ కుదురుకుని గొణిగేలోగా ఆమెను ముందుకు తీసుకుపోయి డాక్టరమ్మ ఎదుట నిలబెట్టాడు.

మూడు రోజులు వరసగా సూది వేయించాలన్నారు డాక్టరమ్మ, మందు మూడు పూటలా పట్టాలన్నారు. కాంపౌండరు సీసా ఏదన్నాడు. రాయప్ప గంపలోంచి అన్నిటికన్నా తెల్లని సీసా తీసి ఇచ్చాడు. పున్నారావు కట్టు కట్టించుకుని వెళ్ళిపోయాడు, ఇక చెప్పేవాళ్ళు లేరు. రాయప్ప కాగితం పేలిక చించి, రెండు రోజుల మందుకు అంచున ఆరు గాట్లు పెట్టి, మెతుకులతో సీసాకు అంటించాడు. తూర్పుకు వేలు చూపి ఒక గాటు, నడినెత్తికి చూపి ఒక గాటు, పడమటికి చూపి ఒక గాటు. రేపు, ఎల్లుండి మళ్ళీ ఇక్కడికే రావాలని కూడా సైగ చేశాడు. తిరిగి చూపమంటే ఆమె తప్పు చూపింది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ తప్పింది. ఆమె సరిగ్గా చూపేదాకా వదల్లేదు.

వెళ్తూ వెళ్తూ ఆమె అతనికేసి వేలు చూపి "తల్లి?" అంది. మొదటిసారి నవ్వింది. రాయప్ప అవునని తలూపాడు.

మర్నాడు సూదికి పిల్ల ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని రాయప్ప పొంగిపోయాడు, సాయంత్రం ఇంటికెళ్ళి ఇన్నమ్మకు చెప్పుకున్నాడు.

మూడో రోజు తెల్లవారుజామున గేదెకు గడ్డి వేసి అరుగు మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. ముప్పై ఏళ్ళ నౌకరీలో తన పేరు మీద ఒక్క చీటీ రాయించుకోలేదు.

తొమ్మిదిన్నరకు ఆమె వచ్చింది. ఎవరూ పిలవకుండానే వరసలో నిలబడి, పిల్లకు మూడో సూది వేయించి, బల్ల దగ్గరున్న కొత్త మనిషిని "తల్లి?" అని అడిగింది. ఎవరి తల్లి అన్నాడతను. ఓపీ మూసేదాకా ఆమె గేటు వైపే చూస్తూ కూర్చుంది. తరవాత బల్ల కిందికి వంగి, ఖాళీ సీసాను గంపలో మిగతావాటి పక్కన నిలబెట్టి వెళ్ళిపోయింది.

లోపల తళతళలాడేలా కడిగిన ఆ సీసాకు, ఆరు గాట్ల కాగితం మాత్రం చుక్క తడి తగలకుండా అంటించినట్టే ఉంది.