విప్పని బొంత

దీవిలో అందరూ నన్ను జల్లెడ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా అనే ధైర్యం పిట్టల మాస్టారు ఒక్కరికే ఉండేది. ఆయన ఉద్యోగం గువ్వల్ని లెక్కపెట్టడం, నా ఉద్యోగం మనుషుల్ని దులపడం.

పడవ దిగిన ప్రతివాళ్ళూ రేవు పక్కనున్న నా గది దాటాకే గువ్వల పార్కులో అడుగుపెట్టాలి. తెల్ల బల్ల మీద సంచి మొత్తం కుమ్మరించాలి, జేబులు తిరగెయ్యాలి, బూట్ల అడుగులు బ్రష్షుతో రుద్దాలి. ఒక్క గడ్డిగింజ గాని, ఒక్క ఎలుక గాని లోపలికి వచ్చిందంటే దీవి పని అయిపోయినట్టే. ఒకసారి డైరెక్టరుగారి మేజోళ్ళు విప్పించి, వాటికి అంటుకున్న రెండు గింజలు తీసి ఆయన చేతిలోనే పెట్టాను. ఆయన మొహం కందగడ్డ అయింది. నా దగ్గర ఎవరి పప్పులూ ఉడకవని ఆరోజుతో అందరికీ తెలిసింది. ఆ గర్వం పంతొమ్మిదేళ్ళు నా నెత్తి దిగలేదు.

ఇంత రభస ఎందుకంటే, నేలగువ్వ ఈ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పిల్లినీ ఎలుకనీ ఎరగని పిట్ట అది. నేలమీద చిన్న గుంట చేసుకుని ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది. మనం దగ్గరికి వెళ్ళినా లేవదు, ఎవరు నువ్వన్నట్టు చూస్తుంది. సాయంత్రమయ్యేసరికి మూడువందల జంటలు సముద్రం మీంచి తిరిగొచ్చి ఒక్కసారిగా అరిచేవి. మా మాటలు మాకే వినపడేవి కావు. "నోళ్ళు ముయ్యండే!" అని నేను కిటికీలోంచి కేకలేసేదాన్ని.

తనిఖీ చేసే మనిషి తన సంచి తానే చూసుకోకూడదు, ఇంకొకరు విప్పాలి. నా సంచి మాస్టారే విప్పేవారు. రెండేళ్ళ క్రితం మా అమ్మ పోయింది. నెలరోజుల సెలవు అయ్యాక తిరిగొస్తూ, ఆమె చేత్తో కుట్టుకున్న దూది బొంత తెచ్చుకున్నాను. అమ్మ పోయినప్పటినుంచీ అది కొట్టుగదిలో మడతపెట్టి ఉంది. దాన్ని అలాగే తాడేసి కట్టాను.

మాస్టారు ముడి మీద చెయ్యి వేసి, నా మొహం చూసి ఆగిపోయారు.

"విప్పమంటావా చెల్లెమ్మా?"

"దులిపితే అమ్మ వాసన పోతుంది మాస్టారూ."

"సర్లే. జల్లెడకే జల్లెడ పడతానా ఏంటి," అని తనిఖీ చీటీ మీద సంతకం పెట్టేశారు.

ఇంకెవరైనా నాతో ఆ వాసన మాట అనుంటే, మూటని అక్కడే విప్పి ఉప్పునీళ్ళలో ముంచేదాన్ని. నా మూటని మాత్రం గుండెకి హత్తుకుని గదికి తీసుకెళ్ళాను. విప్పడానికి మనసొప్పక అటక మీద పెట్టాను.

ఐదు నెలలకి మాస్టారు ఒక గుడ్డు పెంకు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అంచు పొడవునా సన్నటి గాట్లు ఉన్నాయి.

"పీతేమో," అన్నాను.

"పీతకి పళ్ళుంటాయా?" అన్నారు ఆయన.

బోనులు పెట్టాం, మందు పెట్టాం. మందు పీతలు తినేశాయి, ఎలుకలు గుడ్లే తిన్నాయి, గుడ్ల మీంచి లేవని గువ్వల్నీ కొరికి చంపాయి. ఇసుకలోంచి అప్పుడే బయటపడ్డ తాబేలు పిల్లల్ని కూడా వదల్లేదు. గువ్వల రెట్ట వానకి కొట్టుకుపోయి పగడపు దిబ్బల దగ్గర చేపలకి బలమయ్యేది. గువ్వలు తగ్గేకొద్దీ రేవు పక్కన చేపలూ పలచబడ్డాయి. మూడువందల జంటల్లో రెండో ఏటికి పదకొండు మిగిలాయి.

ఎలుక జాలరి పడవలోంచి దిగి ఉంటుందని అధికారులు తేల్చారు. చుట్టూ వేట ఆపించారు. "ఇంకెవరు, వాళ్ళే," అని నేనూ వంత పాడాను.

చలి మొదలయ్యాక బొంత దించి విప్పాను. మడత మధ్యలో పిడికిలంత గుంట ఉంది. చుట్టూ దూది పీకి మెత్తగా పరిచి ఉంది, ఎండిన ఎలుక పెంటికలు ఉన్నాయి. కడుపుతో ఉన్న ఎలుక ఏదో కొట్టుగదిలోనే మా అమ్మ బొంతలో పురుడు పోసుకోవడానికి దూరింది. ఆ పురిటింటికి దాన్ని మోసుకొచ్చింది నేనే. వాసన చూశాను. అమ్మ వాసన లేదు.

బొంత చంకన పెట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గుంటలో వేలు పెట్టి చూసి, బొంత మళ్ళీ మడిచేశారు.

"ఎవరికీ చెప్పకు. చెప్తే గువ్వలు తిరిగొస్తాయా?"

"జాలర్లు పస్తులుంటున్నారు మాస్టారూ."

"అయితే నేనూ వస్తాను," అన్నారు. మర్నాడు ఇద్దరం కలిసి ఆఫీసుకి వెళ్ళి చెప్పాం. జాలర్లని మళ్ళీ వేటకి వదిలారు. మాస్టారిని ఉద్యోగంలోంచి తీసేశారు. నన్ను ఉంచారు. చీటీ మీద సంతకం చేసినవాళ్ళదే తప్పని రూలు, తెచ్చినవాళ్ళది కాదట. ఆ రూలు రాసినవాడు నా ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. పడవెక్కేముందు మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టి, "ఆ పదకొండు జంటల్లో ఒకటే గువ్వ మిగిలింది. చూస్తూ ఉండు," అన్నారు.

ఆ ఒక్కటీ ఖాళీ పెంకు మీద నలభై రోజులు పొదిగింది. సాయంత్రం సముద్రంవైపు తిరిగి అరిచేది, జవాబు కోసం మెడ వంచి ఆగేది. అరుపు ఎంత పెద్దదైనా నేను కిటికీ వెయ్యలేదు. నలభై ఒకటో రోజున గుంట ఖాళీగా ఉంది. మాస్టారి పుస్తకంలో సున్నా వేసి, కూర్చుని ఏడ్చాను.

ఇక కాపాడాల్సిందేమీ లేదు కాబట్టి తనిఖీ ఎత్తేస్తున్నామని కాగితం వచ్చింది. విడిది ఇళ్ళు కట్టడానికి నిన్న పనివాళ్ళు దిగారు. ముందు వచ్చినవాడు నా గదిలోకి వచ్చి, ఎవరూ అడక్కుండానే బల్ల మీద మూట పెట్టి ముడి విప్పబోయాడు.

"అన్నీ కుమ్మరించాలట కదమ్మా? పడవాయన చెప్పాడు, మీరు చాలా గట్టి మనిషట."

వాడి బూట్ల నిండా మట్టి, మట్టిలో గడ్డిగింజలు. నా చెయ్యి దానంతటదే బ్రష్షు మీదికి పోయింది.

"అక్కర్లేదు నాయనా, వెళ్ళు," అన్నాను. లేచి, వాడికోసం తలుపు తీసి పట్టుకున్నాను.