తొమ్మిదో నంబరు ఆరేసిన దండెం

మ్యాచ్ రోజు పొద్దున్న తొమ్మిదిలోపు అయిపోవలసిన పనులు: పద్దెనిమిది జెర్సీలు, పద్దెనిమిది నిక్కర్లు ఎండాయో లేదో ఒక్కొక్కటీ చెంపకు ఆనించి చూడడం. సాక్సులు జతలు చేయడం. బూట్లలో కుక్కిన న్యూస్‌పేపరు లాగేసి, బొద్దింకలుంటే దులపడం. ఐసు పెట్టె కడగడం. కోచ్ కిళ్ళీ ఉమ్మే డబ్బా పారబోయడం. నిన్న సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళిన తొమ్మిదో నంబరు జెర్సీని ఎవరి కంటా పడకుండా తెచ్చి మిగతావాటిలో కలిపేయడం.

ఆఖరిది ఒక్కటే, జట్టు బట్టలు ఉతికే దేముడికి, కొత్త పని.

దేముడికి రోత ఎక్కువ. ఇరవై రెండేళ్ళుగా ఒకే క్లబ్బులో పరాయివాళ్ళ చెమట ఉతుకుతున్న మనిషికి ఈపాటికి అది పోవాలి, పోలేదు. సాక్సులో ఊడిన గోరు దొరికిన రోజు అన్నం సహించేది కాదు. స్టేడియం మెట్ల కింద అతని గదికి కిటికీ లేదు. నొప్పుల నూనె, తడి తోలు, ఎలుక మూత్రం, అన్నీ కలిసిన ఒక వాసన అతని చొక్కాకు పట్టి, లమ్మడా పేటలో అతనుండే ఆరో అంతస్తు దాకా వెంట వచ్చేది. మూడు వారాలుగా బట్టలు ఆరబెట్టే మిషను పాడైపోయి ఉంది. మూడు వారాలుగా యాంగోన్‌లో వాన. ఫ్యాను కింద మిగతావి ఎలాగో ఆరాయి గాని, తొమ్మిదో నంబరు పొడుగు చేతులది, దళసరిది, ఆరలేదు. క్లబ్బు బట్టలు గేటు దాటకూడదని మేనేజరు ఆర్డరు. నిరుడు రెండు జెర్సీలు పోయినప్పుడు పెట్టిన రూలు, దాటితే ఉద్యోగం ఊడుతుంది. అయినా పట్టుకెళ్ళాడు. తడి జెర్సీ వేసుకుంటే ఆ మనిషి మోకాలు మరింత బిగుసుకుంటుందని అతనికి తెలుసు.

ఆ మనిషి పేరు స్రెతెన్. సెర్బియా వాడు, ముప్పై ఆరేళ్ళు. ఇక్కడివాళ్ళ నోరు ఆ పేరుకు తిరగక 'కో తెన్' అని పిలిచేవారు. వీపు నిండా ఎర్రటి వెంట్రుకలు. కుడి మోకాలు ఎడమదానికి ఒకటిన్నర రెట్లు. డబ్బాలోని మాంసం వేలితో తీసుకుని తినేవాడు. మొదటి వారం దేముడు అతని పక్కన కూర్చోలేకపోయాడు. కానీ జట్టు మొత్తంలో విడిచిన జెర్సీని తిరగేసి, మడిచి, చేతికి ఇచ్చేవాడు అతనొక్కడే. మిగతావాళ్ళు నేల మీద విసిరేసి, ఒక్కోసారి దాని మీదే ఉమ్మేవారు.

పొద్దున్న స్రెతెన్ బెంచీ మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. క్లబ్బు కాంపౌండరు సూది గుచ్చి మోకాల్లోంచి పసుపుపచ్చ నీరు లాగి, టీ గ్లాసులో పోశాడు. రేపు అదే గ్లాసులో టీ తాగుతారు. దేముడు మొహం తిప్పుకున్నాడు.

"ఎండిందా, దేమూ?" స్రెతెన్‌కు పన్నెండు ఇంగ్లీషు ముక్కలు, పది బర్మా ముక్కలు వచ్చు, మిగతాదంతా చేతులతో చెప్పేవాడు.

"ఎండింది."

"అబద్ధం. యాంగోన్‌లో ఏదీ ఎండదు."

స్రెతెన్ పదహారేళ్ళలో పదకొండు దేశాలు, పద్నాలుగు క్లబ్బులు తిరిగాడు. ఎక్కడ ఎన్ని గోల్స్ కొట్టావంటే తడబడేవాడు. ఎక్కడ బట్టలెలా ఆరేవో మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు. కజకస్తాన్‌లో జెర్సీ గడ్డకట్టి తలుపు చెక్కలా నిలబడేదట. ఒమన్‌లో ఇటు ఆరేసి అటు తిరిగేలోగా ఎండేదట. మాల్దీవుల్లో ఉప్పు పట్టి చంకల్లో గీరుకునేదట. ఢాకాలో ఎంత ఉతికినా పొగ వాసనేనట. ఇరవై ఒకటో ఏట వాళ్ళ దేశంలోనే ఒక పెద్ద క్లబ్బులో ఆరు నెలలున్నాడు. అక్కడ ఎలా ఆరేదని దేముడు ఒకసారి అడిగాడు.

"తెలీదు," అన్నాడు స్రెతెన్. "తడిస్తేగా. ఆరు నెలలూ బెంచీ."

ఆ తర్వాత ఏడాదిన్నరకొక దేశం, ప్రతిసారీ ఇంకొంచెం తూర్పుకి. ఇవాళ్టితో ఇక్కడి కాంట్రాక్టూ అయిపోతుంది. సాయంత్రం బ్యాంకాక్ విమానం. అక్కణ్ణించి రెండు దారులు. ఫ్నామ్‌పెన్ క్లబ్బు మనిషి ఒకడు ఇవాళ మ్యాచ్ చూడ్డానికి వస్తున్నాడు. అతనికి నచ్చితే ఇంకో ఏడాది ఆట. లేకపోతే ఇంటికి, బావగారి టైర్ల గోడౌన్లో పనికి.

"ఒక్క బంతి చాలు," అన్నాడు స్రెతెన్. "కాలికి ఒక్క మంచి బంతి వస్తే చాలు. కొడతాను."

"నీ జెర్సీ రాత్రి మా ఇంట్లో ఆరేశాను. మేనేజరుకి చెప్పకు. ఒక్కటే దండెం, ముగ్గురం మనుషులం, అయినా ఆరింది."

స్రెతెన్ వేలు పెదవుల మీద పెట్టుకుని నవ్వాడు.

దండెం మాట అనగానే దేముడికి తెల్లవారుజాము గుర్తొచ్చింది.

అతని అక్క బాలామణి శుక్రవారం పూజకు ఒక థమీన్ విడిగా ఉంచుకుంది. థమీన్ అంటే ఇక్కడి ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే లుంగీ. పూజ అయ్యాక దాన్ని పసుపు నీళ్ళలో జాడించి, ఎవరి చెయ్యీ తగలకుండా కర్రతో ఎత్తి, పైన వెదురు బొంగు మీద ఆరేస్తుంది. వాళ్ళమ్మా అలాగే ఆరేసేది. బొంగు కిందే దండెం. దండెం మీద తొమ్మిదో నంబరు. పడుకునే ముందు దేముడు రెండింటినీ చూశాడు, చూసి కూడా ఏమీ అనిపించలేదు. పుట్టినప్పటినుంచీ ఆ గదిలో బట్టలు అలాగే ఉన్నాయి. ఖిన్ ఖిన్ ఉంటే కేక పెట్టేది. అతని భార్య వీళ్ళలా తెలుగు మనిషి కాదు, బర్మా మనిషి. కానీ తల్లికి జ్వరమని ఆమె నది అవతల దలాలో ఉన్న పుట్టింటికి వెళ్ళింది.

పక్క మెట్ల వైపు ఇంట్లో ఉండే జట్టు కెప్టెన్ జా మిన్ మ్యాచ్ రోజుల్లో దేముణ్ణి పిలుచుకుని వెళ్తాడు. ఆ తెల్లవారుజామునా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. థమీన్ చివరి నుంచి పసుపు నీటి బొట్టు జారి, 9 అంకె మీద పడింది. ఆడవాళ్ళ థమీన్ మగవాడి బట్ట మీదుగా వేలాడితే అతని తేజస్సు పోతుందని ఇక్కడ పసిపిల్లాడికి కూడా తెలుసు. అది చూసి జా మిన్ దేముణ్ణి పిలవకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"అప్పా, ఎంత పని చేశావు!"

"నానేటి సేసినాను?" బాలామణి గయ్‌మంది. "దేవుడి గుడ్డ పైనుండాల, మైలగుడ్డ కిందుండాల. ఆ ఎర్రోడి సెమట గుడ్డ పైనెట్టమంటావేట్రా?"

ఇప్పుడు స్టేడియంలో, గది బయట జా మిన్ కాచుకుని ఉన్నాడు. దేముణ్ణి మూలకు పిలిచాడు.

"దేముడుగారూ, ఆ జెర్సీ అతను వేసుకుంటాడా?"

"ఏ జెర్సీ?"

"అతని తప్పు లేదు. అతనికి చెప్పొద్దు, బాధపడతాడు. కానీ మావాళ్ళకి చెప్పేశాను. ఆ జెర్సీకి బంతి ఇస్తే మా అందరికీ అంటుతుంది."

ఒక్క మాట చాలు. నువ్వు మా ఇంట్లో చూసింది పాత జెర్సీ, అసలుది ఇక్కడే ఉంది అని అబద్ధమాడినా సరిపోయేది. దేముడు నోరు తెరిచాడు. అప్పుడే మేనేజరు వచ్చి గుమ్మాన్ని ఆనుకుని, పళ్ళు కుట్టుకుంటూ నిలబడ్డాడు. పుల్ల కొన వాసన చూసి, మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

"ఏమిటి, గుసగుసలు?"

"ఏమీ లేదు," అన్నాడు దేముడు.

మూడున్నరకు ఆట మొదలైంది. గోలుకు ముప్పై గజాల్లో స్రెతెన్ ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడ్డాడు. ఎడమకు పరిగెత్తాడు, కుడికి మళ్ళాడు, డిఫెండర్లిద్దర్నీ వెంట తిప్పుకున్నాడు. బంతి అతని చుట్టూ తిరిగింది గాని, కాలిదాకా రాలేదు. అరవై రెండో నిమిషంలో గోలు ముందు ఒంటరిగా చెయ్యెత్తాడు. జా మిన్ అతన్ని చూశాడు. చూసి బంతిని మూలకు తీసుకెళ్ళి బయటికి తన్నేశాడు. స్రెతెన్ చెయ్యి దించి, మంచి ప్రయత్నమే అన్నట్టు చప్పట్లు కొట్టాడు. గ్యాలరీలోంచి "ఒరే ముసలి గుర్రం, గడ్డి తిను!" అని ఎవడో అరిచాడు. డెబ్భయ్యో నిమిషంలో ఫ్నామ్‌పెన్ మనిషి గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. దేముడు నీళ్ళ సీసాలు పట్టుకుని గీత పక్కన నిలబడే ఉన్నాడు.

ఆట సున్నా సున్నాగా అయిపోయింది. స్రెతెన్ స్నానం చేసి, గదిలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మోకాలు మళ్ళీ ఉబ్బింది.

"నేను స్లో అయిపోయాను, దేమూ. మనకి తెలీదు, పక్కవాడికి తెలుస్తుంది. అందుకే ఇవ్వలేదు. వాళ్ళది కరెక్టే."

చెప్పాల్సింది అప్పుడే. గదిలో మేనేజరు లేడు, ఎవరూ లేరు.

"ఐసు పెట్టుకో," అన్నాడు దేముడు.

ఇరవై రెండేళ్ళలో ఏ సాక్సు చూసీ, ఏ చీము చూసీ అతనికి అంత రోత పుట్టలేదు. తన నాలుక ఒకరు ఉమ్మేసిన వక్కపలుకులా నోట్లో పడి ఉంది.

స్రెతెన్ తొమ్మిదో నంబరు తిరగేసి, మడిచి, చేతికి ఇచ్చాడు. తర్వాత సంచిలోంచి నీలం నైలాను తాడు చుట్ట తీశాడు. రెండు కొసలా ఇనుప కొక్కేలు. మొదటి క్లబ్బులో ఉన్నప్పుడు కొన్నాడట. ప్రతి ఊళ్ళో, ప్రతి అద్దె గదిలో, కిటికీ నుంచి తలుపు దాకా కట్టుకున్నాడట.

"ఇది నీకు. మీ ఇంట్లో ఒక్కటే దండెం అన్నావుగా. గోడౌన్లో నాకెందుకు?"

టాక్సీ వచ్చింది. ఎవరూ బయటికి రాలేదు. స్రెతెన్ కుడికాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని, తలుపు వేసుకున్నాడు. వానలో టాక్సీ మలుపు తిరిగిపోయింది.

దేముడు ఇంటికి వెళ్ళేసరికి బాలామణి దీపం పెడుతోంది.

"మీవోడు కొట్టినాడేటి?"

"లేదప్పా."

"సేతిలో ఏటది?"

"దండెం."

ఆమె కాసేపు తాడు వంక, పైనున్న బొంగు వంక చూసింది.

చదువుతున్నవారికి ఒక్క మనవి. ఆ జట్టు ఆ ఏడు ఏ స్థానంలో నిలిచిందో మీకు అక్కర్లేదు. స్రెతెన్‌ను మాత్రం గుర్తుపెట్టుకోండి. విడిచిన జెర్సీని తిరగేసి, మడిచి ఇచ్చిన మనిషి. ఆ రోజు అతను స్లోగా లేడు. ఆ సంగతి అతనికి చెప్పినవాళ్ళు లేరు.

తాడు ఇప్పటికీ దేముడి ఇంట్లో చుట్ట విప్పకుండానే మేకుకు వేలాడుతోంది. కొక్కేలకు ఎక్కడెక్కడి గోడల సున్నమో తెల్లగా అంటుకుని ఉంది.