గప్పీల మేత

కాసిల్డా మేత రేకుల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తగా నలిపి తొట్టిలో రాల్చింది. అడుగునున్న గప్పీ చేపలన్నీ తోకలు విప్పుకుని ఒక్కసారిగా పైకి లేచాయి.

"చాలు," అన్నాడు కిటికీ పక్క కుర్చీలోంచి ప్లాసిడో. "చేప కన్ను ఎంతో కడుపూ అంతే. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"ఇంకా వెయ్యనే లేదన్నయ్యా."

"వేసేదానివే. నీ చెయ్యి నాకు తెలీదూ!"

కోకో తోట గట్టు మీంచి పడి నడుం విరిగాక ప్లాసిడో కాళ్లు పనిచెయ్యడం మానేశాయి. అప్పటినుంచి మాట అతనిది, చెయ్యి చెల్లెలిది. పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు. వాననీళ్ల పీపాలోంచి గుడ్డతో వడగట్టిన దోమపిల్లలు అప్పుడప్పుడూ. వారానికొకనాడు పస్తు. కొత్తగా పుట్టిన పిల్లలకైతే కాస్త కాస్తగా రోజంతా వేస్తూనే ఉండాలి. పక్కింటి గ్రెగోరియా ఒకసారి జాలిపడి రొట్టె నలిపి వేస్తే తెల్లారేసరికి తొట్టెడు చేపలూ వెల్లకిలా తేలాయి. ఆ తరవాత ప్లాసిడో తొట్టి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. కాసిల్డా కొట్టు దాకా వెళ్లినా, వెనక నుంచి ఎవరో కొంగు పట్టి లాగుతున్నట్టు గబగబా తిరిగొచ్చేది.

ఒకప్పుడు లోపినో లోయలో పరాంగ్ పాట ఎత్తుకోవాలంటే కాసిల్డాయే. క్రిస్మస్ దగ్గర పడితే చాలు, ఆ పాటలవాళ్లతో ఇల్లిల్లూ తిరిగేది. ఇప్పుడు వాళ్లు తన గుమ్మంలోకి వచ్చి పాడితే తలుపు పట్టుకుని వింటోంది. ఈ ఏడు ఆ బృందాన్ని సముద్రపు ఒడ్డు ఊళ్లవాళ్లు పిలిచారు. అక్కడే ఉండి, పండగ దాటాక తిరిగి రావాలి. బృందం పెద్ద సిల్వెస్ట్రే వచ్చి అడిగాడు. "నువ్వు లేకపోతే మేం కప్పల్లా అరవాల్సిందేనే."

"మరి చేపలో?" అన్నాడు ప్లాసిడో, ఆమెను నోరు విప్పనివ్వకుండా.

నిరుడైతే ఆ మాటకు తల వంచుకునేది. కానీ కిందటి వానల్లో ఆమెకు జ్వరం తగిలింది. లేవలేక మంచాన పడి, పక్కగదిలో తొట్టి బుడబుడలు వింటూ, ఒక్కో చేపా చచ్చిపోతున్నట్టు ఊహించుకుని ఏడ్చింది. జ్వరం తగ్గాక గోడ పట్టుకుని వెళ్లి చూస్తే నీళ్లు అద్దంలా ఉన్నాయి. చేపలు గాజుకు పట్టిన నాచు గీక్కు తింటూ హుషారుగా తిరుగుతున్నాయి. పోయినవి కొన్ని పిల్లలు మాత్రమే. ప్లాసిడో ముఖంలో ఆశ్చర్యం లేదు. పెద్ద చేపలు పస్తుకు ఆగుతాయని అతనికి ఎప్పుడో తెలుసని ఆ రోజు ఆమెకు అర్థమైంది.

సిల్వెస్ట్రేకి వస్తానని చెప్పింది. చేపపిల్లలు పెద్దవాటి నోట పడకుండా దాక్కోవడానికి తొట్టిలో నీటినాచు పరిచింది. అన్నకు వండిపెట్టి కనిపెట్టుకుని ఉండమని గ్రెగోరియాకి అప్పజెప్పి, చిటికెడు చిటికెడు మేత కాగితం పొట్లాలు కట్టి ఆమె చేతిలో పెట్టింది.

"పూటకొకటి. అంతే అక్కా."

"నోళ్లు తెరిచి చూస్తాయే పాపం!"

"కడుపు నిండినా అలాగే చూస్తాయి. మా అన్నయ్య లాగే."

గ్రెగోరియా పడీపడీ నవ్వింది. ప్లాసిడో నవ్వలేదు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం బండి వచ్చి హారన్ కొట్టింది. పూల పరికిణీ కట్టుకున్న కాసిల్డా అన్నకు చెప్పి వెళ్దామని గదిలోకొచ్చి ఆగిపోయింది. కుర్చీ కిటికీ దగ్గర లేదు, తొట్టి పక్కనుంది. మేత డబ్బా అతని ఒళ్లో ఖాళీగా పడి ఉంది. నీళ్ల మీద మేత మందంగా తేలుతోంది. కొంత అప్పుడే నాని కిందికి దిగుతోంది. చేపలు పిచ్చెత్తినట్టు ఎగబడి తింటున్నాయి.

"చెయ్యి జారింది," అన్నాడు.

డబ్బా మూత మాత్రం కిటికీ గట్టు మీద పొందిగ్గా పెట్టి ఉంది.

"ఆ మేతంతా లాగెయ్యాలి. సగం నీళ్లు మార్చాలి. లేకపోతే రేపటికి ఒక్కటీ మిగలదు. ఆ పని గ్రెగోరియాకి రాదు," అన్నాడు ప్లాసిడో.

"రాదు."

"కాసిల్డా!" బయట నుంచి సిల్వెస్ట్రే కేక. "ఇంకా ముస్తాబేనా? మేమెళ్లేది పాటలకే, నీ పెళ్లికి కాదు!"

ఆమె చేతులు అప్పటికే బకెట్టు లాగి, గొట్టం ఒక కొస తొట్టిలో దించేశాయి. ఒకసారి పీల్చి నీళ్లు కిందికి లాగడానికి రెండో కొస నోటి దాకా వచ్చింది. ప్లాసిడో ఊపిరి వదలడం వినపడింది, గండం గడిచినవాడిలా. ఆ చప్పుడుకి ఆమె ఆగింది. గొట్టం అతని చేతిలో పెట్టి, బకెట్టు అతని పాదాల మధ్యకు జరిపింది.

"పీల్చు."

"నేనా?"

"కుర్చీని ఇంతదూరం లాక్కొచ్చిన చేతులేగా. వానపీపాలో నీళ్లు గ్రెగోరియా అక్క తెచ్చిస్తుంది."

"చచ్చిపోతే?"

"నీ చేపలన్నయ్యా."

అతను గొట్టం కేసి చూస్తూ చిన్న గొంతుతో అన్నాడు. "నువ్వు తిరిగి రావు."

"వస్తానో రానో, వెళ్తే కదా తెలిసేది."

మెట్ల దాకా వచ్చింది కానీ కాలు కిందికి పడలేదు. హారన్ మళ్లీ మోగింది. గ్రెగోరియా గేటు దగ్గర నుంచి "వెళ్లవే!" అని చెయ్యి ఊపింది. కాసిల్డా కదల్లేదు. లోపల ప్లాసిడో ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. ఉమ్మాడు, ఆమెనూ చేపల్నీ కలిపి తిట్టాడు. ఆ తరవాత బకెట్లో నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు వినిపించింది.

అప్పుడు మెట్లు దిగింది.

బండి కదలగానే సిల్వెస్ట్రే చిన్న గిటారు తీగలు మీటి, పాట ఎత్తుకోమని కళ్లతో సైగ చేశాడు. ఆమె వెనక్కి తిరిగి ఇంటికేసి చూస్తోంది. అతను మళ్లీ మొదటి నుంచి వాయించాడు. ఇల్లు కనుమరుగై, బండి కొండ ఎక్కుతుండగా ఆమె పాట అందుకుంది.