పెద్దమ్మకు నిప్పు

మా పెళ్లయి నెల కూడా కాలేదు. ఆవిరి ఇంజను నడిపే మావారి చొక్కాకంటిన మసి వాసన కూడా నాకు ముద్దే. కానీ ఆ ఉదయం విహారరైలు ఇంజనుకు బాయిలరు పగిలింది. ఆదివారానికి ఇంకో ఆవిరి ఇంజను దొరక్కపోతే డీజిలు ఇంజను పెట్టి, ఆయన్ను ఇంటికి పంపేస్తామన్నారు పైఅధికారులు.

ఆయన తిండి మానేసి ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఒకచోట ఇంజనును పార్కులో నిలబెట్టి లోపల సిమెంటు పోసేశారట. ఇంకోచోట ఉన్నదాని చక్రాలు మా పట్టాలకు సరిపోవట. చివరికి పాత ఇంజన్ల షెడ్డు చూసుకునే, చెవుడున్న ఒక పెద్దాయనకు చేశారు. బాయిలరు పగిలిన మా ఇంజనును మావారు ఎప్పుడూ పెద్దమ్మ అనే పిలుస్తారు.

"బాబాయ్, మా పెద్దమ్మ పోయింది!"

"అయ్యో! ఎప్పుడు నాయనా?"

"పొద్దున. ఇక నిప్పు పెట్టడం కుదరదట."

"అదేం మాట! ఎవరూ లేకపోతే నేనొచ్చి పెడతా!"

బాబాయ్ ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మావారు గోడకానుకుని కూలబడ్డారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

సాయంత్రం తెల్లపూల దండతో బాబాయ్ గుమ్మంలో నిలబడ్డారు. సంగతి విని, దండ నా చేతిలో పెట్టారు.

"ఇంజనా? ఆ ముక్క ముందే ఏడవచ్చుగా! మా షెడ్డులో ఒకటి పడుంది. బతికుందో లేదో, రేపు నీళ్లు నింపి చూద్దాం."

దండ మీద నీళ్లు చల్లి దాచాను. ఆ ఇంజను ఊపిరి పీలిస్తే దాని మెడలోనే వేస్తాను. పీల్చకపోతే ఏం చెయ్యాలో ఆలోచించే ధైర్యం నాకు లేదు.