రెండుకూ మూడుకూ నడాన

"తాళాలు ఈడియ్యి. ఇంక నా బండి తొక్కొద్దు నువ్వు!"

పుంగనూరు బస్టాండు ఎదురుగా నడిరోడ్డు మీద టాక్సీ ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొడుతోంది. కారులోంచి దిగిన యజమాని జయచంద్ర చెయ్యి చాచి నిలబడ్డాడు. పదకొండేళ్లుగా ఆ కారే నడుపుతున్న మునిరాజ తాళాలు పిడికిట్లోనే పట్టుకున్నాడు.

"కుప్పంలో రేడియేటరుకు నీళ్లు నిండుగా పోసినా అన్నా," అన్నాడు.

"పోసుంటే యాల కాగిపోతాది? నీళ్లు లేకుండా తోలి పిస్టన్ రింగులు కాల్చేసినావు. మదనపల్లెలో నీకింక బండి ఎవుడిస్తాడో సూస్తా!"

దారిన పోయేవాళ్లు కారును బైరప్ప షెడ్డులోకి తోశారు. వెనకాలే అరుపులూ వచ్చాయి.

"అరుసుకునేది బయట అరుసుకోండప్పా," అన్నాడు మెకానిక్ బైరప్ప. "ఈడ ఇంజిను మాట్లాడాల."

ఇంజిను చల్లారాక ఆయిల్ కొలిచే పుల్ల లాగాడు. ఆయిల్ పాల టీ రంగులో ఉంది. నీళ్లు కలిశాయి. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరుకు ఒత్తిడి కొలిచే గేజు పెట్టి ఇంజిను తిప్పించాడు. ఒకటి, నాలుగు బాగున్నాయి. పక్కపక్కనున్న రెండు, మూడులో ఒత్తిడి నిలబడలేదు. ఆ రెండింట్లో చెంచాడేసి ఆయిల్ పోసి మళ్లీ తిప్పించాడు. ముల్లు కదల్లేదు.

"రింగులు పోయుంటే ఇప్పుడు ముల్లు లేసేది. లేవలా. రెండుకూ మూడుకూ నడాన, హెడ్డు కిందుండే గాస్కెట్ పోయింది."

"అదీ నీళ్లు లేకనే పోయుంటాది," అన్నాడు జయచంద్ర.

బైరప్ప ఇంజిను పైమూత హెడ్డు విప్పి, బోర్లించి, దాని మీద ఉక్కు స్కేలు నిలబెట్టాడు. స్కేలు కింద సన్నగా వెలుతురు. హెడ్డు వంగింది. సిలిండరు గోడల మీద మాత్రం ఒక్క గీత లేదు.

"నీళ్లు లేకుండా తోలుంటే ఈ గోడలు గీసుకుపోయుండాల. కాగిన హెడ్డు మీద చన్నీళ్లు పడినాయి. నిన్న ఆయుధపూజ గదా, బండి కడిగింది ఎవురు?"

"బి.కొత్తకోట బాడుగ నుంచి వచ్చి, బండి నిలిపి గుమ్మడికాయకు పోతినన్నా. వచ్చేటప్పటికే కడిగేసుండారు. ఎవురో నాకు తెలీదు," అన్నాడు మునిరాజ.

జయచంద్ర ఊరుకుంటే అక్కడితో పోయేది. అతను మునిరాజ వాడిన మొహం వైపు చూశాడు.

"నేనేనప్పా. రాహుకాలం వచ్చేస్తాదని బానెట్ ఎత్తి రెండు బక్కెట్లు కుమ్మరించినా. ఇంజిను చెడగొట్టింది నేనే మునిరాజా, నేనే."